తొమ్మిదో నెంబరు చొక్కా ఎవరిది?

2025 నవంబరు 18 రాత్రి. ఢాకాలో భారత్-బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలై పావుగంట కాకుండానే బంగ్లాదేశ్ గోల్ కొట్టేసింది. రాజోలులో మేం రోజూ కూర్చునే టీ కొట్టు బల్ల మీద బిస్కెట్ల సీసాకి ఆనించి పెట్టిన ఫోన్ చుట్టూ పది మందిమి ఉన్నాం. ఇంకా బోలెడు టైముంది, ఒక్కటి వేస్తే సమం అయిపోతుంది అనుకుంటూ చూస్తున్నాం. ఆ ఒక్కటీ పడలేదు. 0-1. ఇరవై రెండేళ్ళ తర్వాత బంగ్లాదేశ్ మన మీద గెలిచింది.

"కోచ్‌ని మార్చెయ్యాలండీ, ఇంక లాభం లేదు" అన్నాడు భీమవరంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. కువైట్‌లో పద్దెనిమిదేళ్ళు డ్రైవరుగా చేసి ఇంటికొచ్చేసిన మా బాబాయ్ ఫోన్ మీంచి చూపు తిప్పలేదు. "ఎంతమందిని మారుస్తావురా అబ్బాయ్? ముందు నిలబడి గోల్ కొట్టేవాడేడీ?" అన్నాడు.

కొట్టు కట్టేసేదాకా నడిచిన వాదనంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరిగింది. తప్పు కోచ్‌దా, పిలిచిన ఆటగాళ్ళదా? రెండేళ్ళుగా ప్రతి ఓటమి తర్వాతా ఇదే గొడవ. బాబాయ్ అడిగినదానికి జవాబు తేలకుండా కుర్రాడి మాట తేలదని నా నమ్మకం. అది తేలాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బాబాయ్‌కి ఈ జట్టు మీద ప్రేమ పుట్టింది కువైట్‌లోనే. 2023 నవంబరు 16న అక్కడి జాబర్ స్టేడియంలో వరల్డ్ కప్ క్వాలిఫయర్. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వెళ్ళాడట. మన దేశం నుంచి పనికి వెళ్ళినవాళ్ళు వేలల్లో వచ్చారు, వాళ్ళలో కోనసీమ వాళ్ళకీ లోటు లేదు. రెండో సగంలో చాంగ్తే ఎడమ పక్కనుంచి ఇచ్చిన బంతిని మన్వీర్ సింగ్ గోల్‌లోకి తోశాడు. 1-0. పరాయి దేశంలో, వాళ్ళ సొంత గడ్డ మీద మన జట్టు గెలిస్తే పక్కన ఉన్న మలయాళీ ఎవరో తనని ఎత్తుకుని తిప్పాడని బాబాయ్ ఇప్పటికీ చెబుతాడు.

అప్పుడు కోచ్ ఇగోర్ స్టిమాచ్. 1998 వరల్డ్ కప్‌లో మూడో స్థానం తెచ్చుకున్న క్రొయేషియా జట్టులో డిఫెండర్ ఆయన. 2019లో వచ్చాడు. 2023లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ రెండూ గెలిచి, ఫిఫా ర్యాంకింగుల్లో జట్టు 99కి చేరింది. ఆ వేసవి అందరం చాలా ఊహించుకున్నాం. ఆర్నెల్లు తిరిగేసరికి ఖతార్‌లో ఆసియా కప్. ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లు, ఆరు గోల్స్ సమర్పణ, మనది ఒక్కటీ లేదు. మార్చిలో గువాహటిలో అఫ్ఘానిస్తాన్ చేతిలో 1-2. ఆ ఒక్క గోల్ కూడా కెప్టెన్ సునీల్ ఛెత్రి తన 150వ మ్యాచ్‌లో కొట్టిన పెనాల్టీ. జూన్‌లో దోహాలో ఖతార్‌తో ఆఖరి క్వాలిఫయర్: బంతి లైను దాటి బయటికి వెళ్ళినా రిఫరీ గోల్ ఇచ్చేశాడు, 1-2తో ఓడాం. వారం తిరక్కుండా స్టిమాచ్‌ని తీసేశారు.

స్టిమాచ్ మీద వాదన రెండు రకాలుగా నడిచేది. క్యాంపుకి రోజులు చాలలేదు, క్లబ్బులు ఆటగాళ్ళని వదల్లేదు అని ఆయన మొదటినుంచీ మొత్తుకున్నాడు. అందులో నిజముంది. అయిదేళ్ళలో ఛెత్రి తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి ఆయన జవాబు తయారు చెయ్యలేదన్నది రెండో వాదన. అందులోనూ నిజముంది.

2024 జులైలో కొత్త కోచ్‌గా మనోలో మార్కెజ్ పేరు ప్రకటించినప్పుడు మా వైపు కుర్రాళ్ళ సంబరం వేరేగా ఉంది. ఆయన్ని వాళ్ళు సొంత మనిషి అనుకున్నారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, మన దేశపు క్లబ్బుల లీగ్) ఛాంపియన్ అయినప్పుడు దానికి కోచ్ ఆయనే. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రి తర్వాత భీమవరం కాలేజీల్లో పసుపు రంగు జెర్సీలు కనబడ్డాయి. రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊరి జట్టు దేశానికి ఛాంపియన్ అయిందంటే ఆ మురిపెం చిన్నది కాదు.

ఆ సంబరంలో ఒక సంగతి మరిచిపోయాం. ఆ సీజన్లో హైదరాబాద్‌కి 18 గోల్స్ కొట్టి లీగ్ మొత్తానికే టాప్ స్కోరర్ అయినవాడు బార్తొలొమ్యూ ఒగ్బెచె. నైజీరియా ఆటగాడు. మార్కెజ్ భారత జట్టుకి వచ్చాడు, ఒగ్బెచె రాలేడు కదా.

దాని ఫలితం నా కళ్ళతో చూశాను. 2024 నవంబరు 18న గచ్చిబౌలిలో మలేషియాతో మ్యాచ్. ముందు రోజు రాత్రి నలుగురం గౌతమి ఎక్కాం, లింగంపల్లిలో దిగాం, పగలంతా తిరిగి సాయంత్రానికి స్టేడియం చేరాం. ఇరవై నిమిషాలు కాకుండానే వాళ్ళ వైపు నుంచి ఒక పొడుగు బంతి వచ్చింది. మన గోల్‌కీపర్ పెనాల్టీ బాక్స్ వదిలి చాలా ముందుకొచ్చాడు, బంతి అందలేదు. మలేషియా వాడు ఖాళీ గోల్‌లోకి నింపాదిగా తోసేశాడు. మా వరసలో అరుపు ఒక్కసారిగా తెగిపోయింది. తర్వాత మన బ్రాండన్ ఫెర్నాండెజ్ కార్నర్ కొడితే రాహుల్ భేకే తలతో సమం చేశాడు. అప్పుడు అందరం లేచి గంతులేశాం. రెండో సగం అంతా మనవాళ్ళు పక్కనుంచి బంతులు వేస్తూనే ఉన్నారు, అందుకునేవాడు లేడు. 1-1. తిరుగు రైల్లో గుర్తొచ్చింది: గోల్ కొట్టిన భేకే డిఫెండర్. ఆ ఏడాది పదకొండు మ్యాచ్‌లాడి భారత్ ఒక్కటీ గెలవలేదు.

అందుకే 2025 మార్చిలో, రిటైరై తొమ్మిది నెలలైన ఛెత్రిని మార్కెజ్ వెనక్కి పిలిచాడు. ఈ నిర్ణయం మీద జరిగినంత గొడవ ఇంక దేని మీదా జరగలేదు. నలభై ఏళ్ళవాడిని పిలిస్తే కుర్రాళ్ళ గతేంటని ఒక పక్క. పిలవక ఏం చేస్తాడని ఇంకో పక్క. నేను రెండో పక్క నిలబడ్డాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో మన దేశపు ఆటగాళ్ళలో అందరికంటే ఎక్కువ గోల్స్ ఛెత్రివే: 14. కోచ్ ఉన్నవాళ్ళలో ఎక్కువ కొట్టినవాడిని పిలిచాడు. సిగ్గుపడాల్సిందేమైనా ఉంటే ఆ అంకెని చూసి సిగ్గుపడాలి.

ఛెత్రి వచ్చాక షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0 గెలిచాం, అందులో ఆయనదీ ఒకటి. తర్వాత బంగ్లాదేశ్‌తో 0-0. జూన్ 10న హాంకాంగ్‌లో గోల్ ముందు దొరికిన మంచి అవకాశం బయటికి పోయింది, ఛెత్రిని రెండో సగంలో గానీ దింపలేదు, ఆట చివర్లో కలిపిన అదనపు నిమిషాల్లో పెనాల్టీ ఇచ్చుకుని 0-1తో ఓడాం. మార్కెజ్ ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్క గెలుపుతో జులైలో వెళ్ళిపోయాడు. గోవా క్లబ్బుకీ దేశానికీ ఒకేసారి ఆయనతో కోచ్‌గా పనిచేయించడం మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ చేసిన పొరపాటు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టమని ఆయనకి చెప్పినవాళ్ళని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు బాబాయ్ ప్రశ్న. గోల్ కొట్టేవాడేడీ?

2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు ఒక్కో జట్టు మైదానంలో ఆరుగురు విదేశీయుల్ని దింపవచ్చు. అంటే పదకొండు మందిలో మనవాళ్ళు అయిదుగురే. 2017లో ఆ సంఖ్య అయిదైంది, 2021లో నాలుగైంది. సంఖ్య తగ్గినా క్లబ్బులు విదేశీ ఆటగాడికి ముందుగా ఇచ్చే చోటు మాత్రం మారలేదు: స్ట్రైకర్, అంటే తొమ్మిదో నెంబరు చొక్కా వేసుకుని అందరికంటే ముందు నిలబడి గోల్ కొట్టేవాడు. డబ్బు పెట్టి తెచ్చేది గోల్స్ కోసమే కాబట్టి క్లబ్బు లెక్కలో అది సబబే. మొదటి సీజన్ నుంచి 2024-25 దాకా పదకొండు సీజన్లలో టాప్ స్కోరర్ బహుమతి ఒక్క భారతీయుడికీ దక్కలేదు. ఆఖరిది మొరాకో ఆటగాడు అజారై 23 గోల్స్‌తో తీసుకున్నాడు. పదిహేడేళ్ళ కుర్రాడు స్ట్రైకర్‌గా క్లబ్బులో చేరితే, రెండేళ్ళలో వాడిని మైదానం అంచున ఆడే వింగర్ చోటుకి జరిపేస్తారు, లేదా ఆఖరి పది నిమిషాలకి దింపుతారు. గోల్ ముందు అర సెకనులో ఏం చెయ్యాలో వాడు ఎక్కడ నేర్చుకుంటాడు? వరి నాటడం చూసి నేర్చుకునేది కాదు, బురదలో దిగి నేర్చుకోవాలి. ఇదీ అంతే.

చేతిలో సరైన స్ట్రైకర్ లేని పరిస్థితి ఇప్పుడే మొదటిసారి రాలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి, బడిపంతులుగా చేసినవాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ డిఫెన్స్‌కి గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీం ఏం చేశాడంటే, ఆ కుట్ల తలతోనే జర్నైల్‌ని సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్‌కి గోల్‌కీపర్నీ మార్చాడు. జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌ని తెచ్చి నిలబెట్టాడు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియా మీద 2-1. ఒకటి పీకే బెనర్జీ కొట్టాడు, రెండోది జర్నైల్. ఈ రోజు ఏ కోచ్ అయినా ఫైనల్ ముందు అలా చేస్తే మా టీ కొట్టు బల్ల విరిగిపోయేది.

ఈ కథ విన్నవాళ్ళు రహీం గుండె ధైర్యం గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే పెద్దగా కనబడేది ఆయన అంతకుముందు హైదరాబాద్‌లో చేసిన పని. పిల్లలకి డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో పోటీలు పెట్టాడు, బంతి వెంటనే అందించడం అలవాటవ్వాలని. వాటంలేని కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టాడు. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో హైదరాబాదీలు పలువురు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం వాళ్ళలో ఒకడు. జట్టుని ఎంపిక చెయ్యడం ఆయనకి మ్యాచ్ ముందు రోజు పని కాదు, పదేళ్ళ ముందు మొదలుపెట్టిన పని.

రహీం 1963 జూన్ 11న కేన్సర్‌తో పోయాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్ళీ గెలవలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆశ పెట్టింది గానీ ఛాంపియన్ అయిన రెండేళ్ళకే జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీ వెళ్ళిపోయింది. భీమవరం కుర్రాడి దగ్గర పసుపు జెర్సీ ఇంకా ఉంది, అది ఇప్పుడు ఏ ఊరి జట్టుదీ కాదు.

2025 ఆగస్టులో మార్కెజ్ చోటులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. పదమూడేళ్ళ తర్వాత పూర్తి స్థాయి బాధ్యత తీసుకున్న భారతీయ కోచ్. పుట్టింది కువైట్‌లో అని తెలిసి బాబాయ్ మురిసిపోయాడు. మిజోరంలోని ఐజాల్ లాంటి చిన్న క్లబ్బుతో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన మనిషి. మొదటి టోర్నీకి కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్ తన ఆటగాళ్ళని పంపలేదు, అయినా తజికిస్తాన్ మీద గెలిచాడు, ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. అక్టోబరులో 2027 ఆసియా కప్ క్వాలిఫయర్‌కి సింగపూర్ వెళ్ళి పది మందితో 1-1 చేశాం. అయిదు రోజులకి మార్‌గావ్‌లో అదే సింగపూర్ చేతిలో 1-2. ఆసియా కప్ దారి అక్కడే మూసుకుపోయింది. ఢాకాకి ఛెత్రిని పిలవలేదు. అప్పటికి ఐఎస్‌ఎల్ హక్కుల ఒప్పందం తేలక లీగే మొదలవలేదు. మ్యాచ్‌లు లేక నెలల తరబడి క్యాంపుల్లో కూర్చున్న ఆటగాళ్ళతో ఏ కోచ్ అయినా ఎంతవరకు లాగుతాడు?

ఈ సంగతులన్నీ ఆ రాత్రి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. జర్నైల్ కథ బాబాయ్‌కి నేనే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. గ్లాసు కింద పెట్టి కుర్రాడి వైపు తిరిగాడు. "సరే, ఖాలిద్‌ని తీసేద్దాం. కొత్తవాడొస్తాడు. వాడికి ముందు నిలబెట్టడానికి, క్లబ్బులో ప్రతి వారం స్ట్రైకర్‌గా మొదటినుంచీ ఆడే మనవాళ్ళ పేర్లు చెప్పు" అన్నాడు.

కుర్రాడు చెయ్యి చాపి బొటనవేలు ముడిచాడు, ఒక పేరు చెప్పాడు. చూపుడు వేలు సగం వంచి, కాసేపు ఆలోచించి, మళ్ళీ చాచేశాడు.