గ్రూపు ఎంచుకునే ముందు: పది రాసిన పిల్లలకు అవ్వ ఉత్తరం

చిత్తూరు,
ఏప్రిల్

పిల్లలూ,

పరీక్షలు అయిపోయాయి, రిజల్ట్స్ ఇంకా రాలేదు. మీ ఇళ్లలో అసలు టెన్షన్ ఇప్పుడే మొదలైందని నాకు తెలుసు. పొద్దున లేస్తే ఏదో ఒక కాలేజీ పీఆర్వో ఫోన్ చేసి, ఈ వారంలో అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తామంటాడు. మామ ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అంటాడు, పిన్నమ్మ బైపీసీ (బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అంటుంది. మీలో ఒక్కొక్కరే వచ్చి "అవ్వా, ఏ గ్రూపు తీసుకోమంటావు?" అని అడుగుతున్నారు. గడప దగ్గర నిలబడి చెప్పేసే సంగతి కాదిది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నా.

నేను ఇంటర్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. కెమిస్ట్రీ ఎంపీసీకీ ఉంటుంది, బైపీసీకీ ఉంటుంది. అందువల్ల రెండు రకాల పిల్లలనూ దగ్గర నుంచి చూశాను. చాలామంది ఉద్యోగం పేరు చూసి గ్రూపు తీసుకుంటారు. ఇంజనీరు, డాక్టరు, సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) అని. ఆ ఉద్యోగం రావడానికి ఎంత లేదన్నా ఆరేడేళ్లు పడుతుంది. జూన్ నుంచి రోజూ మీ ఎదురుగా ఉండేది మాత్రం పుస్తకం. ఆ పుస్తకంతో రెండేళ్లు కూర్చోగలమా లేదా అన్నది ఈ సెలవుల్లోనే, ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు.

మీ వీధిలో ఇంటర్ అయిపోయిన అన్నో అక్కో ఉంటారు. వాళ్ల ఫస్టియర్ పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. మ్యాథ్స్, ఫిజిక్స్, బయాలజీ, కామర్స్, ఎకనమిక్స్, ఏవి దొరికితే అవి. ఒక్కో సాయంత్రం ఒక్కో సబ్జెక్టు ముందేసుకుని, ఒక పాఠం మొదలుపెట్టి చదవండి. అంతా అర్థం కాదు, కానవసరం లేదు. ఒక లెక్క దగ్గర ఆగిపోతారు చూడండి, అప్పుడు మీకేమనిపించిందో గమనించుకోండి. పుస్తకం మూసి ఫోన్ తీశారా, భోంచేసి వచ్చాక కూడా ఆ లెక్క మనసులో తిరుగుతూనే ఉందా? పదిలో వచ్చిన మార్కుల కన్నా ఇది మీ గురించి ఎక్కువ చెబుతుంది. పదిలో 100కి 95 వచ్చినవాళ్లు ఇంటర్ లెక్కల దగ్గర బిక్కమొహం వేయడం చూశాను. 70 వచ్చినవాళ్లు హాయిగా దూసుకుపోవడమూ చూశాను.

బయాలజీ కోసం పుస్తకం ఒక్కటే చాలదు. పెరట్లో మందారం ఉంటే ఒక పువ్వు కోసి, బ్లేడుతో నిలువుగా చీల్చండి. కేసరాలన్నీ ఒక గొట్టంలా కలిసిపోయి, ఆ గొట్టం లోపలి నుంచి కీలం పైకి వచ్చి, కొసన అయిదు ఎర్రటి చుక్కల్లా విడిపోవడం కనిపిస్తుంది. అడుగున ఉన్న అండాశయాన్ని ఇంకో పువ్వులో అడ్డంగా కోయండి. అందులో అయిదు గదులుంటాయి. చూసింది చూసినట్టు పెన్సిల్‌తో బొమ్మ గీసి, ఒక్కో భాగానికి పేరు రాయండి. ఓపికగా గీసి, ఆకు అడుగున ఏముందో కూడా చూద్దామనిపించిందా? అయితే మీకు బైపీసీ చదివే బుద్ధి ఉంది. పావుగంటకే విసుగొచ్చిందంటే, తెల్లకోటు మీద ఎంత మోజున్నా ఒకసారి ఆగి ఆలోచించండి. రెండేళ్లూ పని ఇదే మరి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "నాకు లెక్కలు రావు, అందుకే బైపీసీ" అనే మాట మీలో కొందరి నోట విన్నాను. లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీ దారి కాదు తల్లీ. బైపీసీలో ఫిజిక్స్ ఉంది. ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల కోణంలో విసిరితే ఎంత ఎత్తుకు పోతుందని అడుగుతారు. వేగాన్ని నిలువుకూ అడ్డానికీ విడగొట్టాలి. సైన్ 30 అంటే సగం కాబట్టి నిలువు వేగం 10. గురుత్వ త్వరణం 10 అనుకుంటే బంతి 5 మీటర్ల ఎత్తుకు పోతుంది. ఎంపీసీ పిల్లలకూ ఇదే లెక్క, బైపీసీ పిల్లలకూ ఇదే లెక్క. తేడా ఏమిటంటే, ఎంపీసీ వాళ్లకు పక్క గదిలో మ్యాథ్స్ లెక్చరర్ త్రికోణమితి నేర్పుతుంటారు. బైపీసీ వాళ్లకు ఆ సాయం ఉండదు. డాక్టర్ చదువు కోసం రాసే నీట్‌లో 720 మార్కులకు బయాలజీవి 360. మిగతా 360 ఫిజిక్స్, కెమిస్ట్రీలవే. నా కెమిస్ట్రీలో మోల్ లెక్కలు వచ్చినప్పుడు బైపీసీ క్లాసులో కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు. చురుకైన పిల్లలే. లెక్కలు ఉండవని ఎవరో చెబితే నమ్మి వచ్చారు, అంతే. మీరు బైపీసీకి పోతే పొండి, కానీ పది మ్యాథ్స్‌లో త్రికోణమితి పాఠాన్ని ఈ సెలవుల్లో ఇంకోసారి చేసుకుని పొండి.

ఇంకో పొరపాటు కూడా విన్నాను. ఈఏపీసెట్ రాస్తే ఎంబీబీఎస్ వస్తుందనుకుంటున్నారు. రాదు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ కోర్సులకు. ఎంబీబీఎస్‌కు దేశమంతా ఒకటే పరీక్ష, అది నీట్. తెలుగులో కూడా రాయొచ్చు. బీఫార్మసీకి మాత్రం ఎంపీసీ వాళ్లూ పోవచ్చు, బైపీసీ వాళ్లూ పోవచ్చు.

సీఈసీ (సివిక్స్, ఎకనమిక్స్, కామర్స్), ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనమిక్స్, కామర్స్) సంగతి మన ఊళ్లో సరిగ్గా చెప్పేవాళ్లే లేరు. మార్కులు రానివాళ్ల గ్రూపు అని ఒక ముద్ర వేసేశారు. అది వింటే నాకు బాధగా ఉంటుంది. మీ ఇంటి దగ్గర కిరాణా కొట్టుందనుకోండి. ఆ కొట్టాయన 10,000 రూపాయల సరుకు అప్పు మీద తెచ్చాడు. అంతా 12,000కు అమ్మేశాడు. అందులో 3,000 రూపాయల సరుకు ఖాతా మీద అరువిచ్చాడు. లాభం ఎంత? 2,000. చేతిలో డబ్బెంత? 9,000. కట్టాల్సింది? 10,000. లాభం వచ్చింది, అయినా అప్పు తీర్చడానికి వెయ్యి తక్కువ పడింది. ఎందుకని మీకు ఆసక్తి పుట్టిందా? దాన్ని జమలో ఎక్కడ రాయాలి, ఖర్చులో ఎక్కడ రాయాలి అని మనసు అటు పోయిందా? కామర్స్ అంటే అదే. మన బెల్లం మండీలో కూర్చుని ఒక పూట చూడండి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల లెక్కలు ఎవరు రాస్తారో కనుక్కోండి. అకౌంట్లు తెలిసిన మనిషి లేకుండా ఒక్క వ్యాపారం నడవదు. సీఏ చదవాలనుకుంటే ఇంటర్ తర్వాత ఫౌండేషన్ పరీక్ష ఉంటుంది. అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, ఎకనమిక్స్‌తో పాటు అందులో లెక్కల పేపరు కూడా ఉంది. మ్యాథ్స్ ఇష్టమై, ఇంజనీరింగ్ మీద మనసు లేనివాళ్లకు ఎంఈసీ బంగారం లాంటి గ్రూపు. వకీలు కావాలనుకున్నవాళ్లు ఏ గ్రూపు చదివినా అయిదేళ్ల లా కోర్సుకు పోవచ్చు.

ఏది వదిలేస్తే ఏ తలుపు మూసుకుంటుందో కూడా తెలిసుండాలి. మ్యాథ్స్ వదిలేస్తే ఇంజనీరింగ్ దాదాపు పోయినట్టే, ఆర్కిటెక్చర్ పోతుంది, త్రివిధ దళాల ఆఫీసర్లను తయారుచేసే ఎన్‌డీఏలో ఆర్మీ తప్ప నేవీ, ఎయిర్‌ఫోర్స్ పోతాయి. బయాలజీ వదిలేస్తే డాక్టర్ చదువు పోతుంది. రెండూ వదలలేనివాళ్ల కోసం మన బోర్డు ఈమధ్య ఎంబైపీసీ తెచ్చింది. నా అభిప్రాయం అడిగితే, రెండు సబ్జెక్టులూ నిజంగా ఇష్టమైన పిల్లలకే అది. "ఎందుకైనా మంచిది" అని తీసుకుంటే రెండేళ్లూ నిద్ర ఉండదు. తీసుకునేటట్టయితే, రెండింటికీ లెక్చరర్లున్నారా, టైంటేబుల్ ఎట్లా వేస్తారు అని కాలేజీలో ముందే అడగండి.

సైన్స్ అంటేనే ఇష్టం, డాక్టరో ఇంజనీరో కావాలని లేదు అనేవాళ్లు మీలో ఒకరిద్దరు ఉన్నారు. మీకోసమే మన తిరుపతిలో ఐసర్ ఉంది, సైన్స్ చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ అది. 2015లో ఐఐటీ వచ్చిన ఏడాదే అదీ వచ్చింది. రెండూ ఏర్పేడు వైపే. ఐసర్‌లో చేరడానికి రాసే పరీక్షలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ నాలుగూ అడుగుతారు. వీటిలో కనీసం మూడు ఇంటర్లో చదివి ఉంటే రాయొచ్చు. అంటే ఎంపీసీ వాళ్లకూ దారి ఉంది, బైపీసీ వాళ్లకూ ఉంది. వ్యవసాయం మీద మనసున్నవాళ్లకు బైపీసీ తర్వాత తిరుపతి ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. పాడి ఆవులతో పెరిగిన పిల్లలు వెటర్నరీ గురించి కూడా ఆలోచించండి, ఆ యూనివర్సిటీ తిరుపతిలోనే ఉంది.

అందరూ ఇంటర్‌కే పోవాలని లేదు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా. ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మూడూ మూడూ ఆరు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, అదీ ఆరే. అయినా పాలిటెక్నిక్ అంటే తక్కువ చదువు అన్నట్టు మాట్లాడతారెందుకో నాకు అర్థం కాదు. పాడైన మిక్సీ విప్పి బాగుచేసే పిల్లాడిని రెండేళ్లు హాస్టల్లో పెట్టి బిట్లు బట్టీ పట్టించడం కన్నా వర్క్‌షాపులో నిలబెట్టడమే మేలు. ట్రిపుల్ ఐటీల్లో పది మార్కులను బట్టి ఆరేళ్ల కోర్సుకు తీసుకుంటారు. దానికి విడిగా నోటిఫికేషన్ వస్తుంది, విడిగా అప్లై చేయాలి. బాగా బొమ్మలు వేసేవాళ్లకు అలిపిరి దగ్గర దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది. రాతి శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం లాంటివి అక్కడ నేర్పుతారు. సంస్కృతం ఇష్టమైతే తిరుపతి సంస్కృత విద్యాపీఠం ఉంది, 2020లో అది కేంద్ర విశ్వవిద్యాలయం అయింది.

ఇప్పుడు ఆడపిల్లలకు ఒక మాట. మీ అన్నకో తమ్ముడికో నచ్చిన గ్రూపు దొరికే కాలేజీని వెతుకుతారు. మీకేమో ఇంటికి దగ్గరున్న కాలేజీలో ఏ గ్రూపుంటే అది చాలంటారు. అట్లా ఒప్పుకోకండి. భయమంతా బస్సు గురించి అయితే బస్సు గురించే మాట్లాడండి: ఏ టైంకు ఉంది, తోడు ఎవరు, ప్రభుత్వ హాస్టల్ ఉందా. గ్రూపు మార్చుకోవడం దానికి పరిష్కారం కాదు. ఇంట్లో చెప్పడానికి నోరు రాకపోతే నన్ను పిలవండి, వచ్చి నేను చెబుతాను.

కాలేజీ చూడటానికి పోయినప్పుడు గోడ మీది ర్యాంకుల ఫ్లెక్సీ చూసి వచ్చేయకండి. ల్యాబ్ చూపించమనండి. బీకర్ల మీద దుమ్ముందా, మైక్రోస్కోపులో ఏమైనా కనిపిస్తోందా చూడండి. తాళం వేసి ఉంది, తర్వాత రండి అంటే అర్థం చేసుకోండి. అక్కడ చదివే పిల్లలను బయట టీకొట్టు దగ్గర పట్టుకుని, మీ ఫిజిక్స్ లెక్చరర్ ఈ ఏడాదిలో ఎంతమంది మారారని అడగండి. చేరాక కుదరకపోతే గ్రూపు మార్చుకోవచ్చా, ఎప్పటి లోపల మార్చుకోవాలి, కట్టిన ఫీజు సంగతేంటి, ఇవన్నీ అడ్వాన్స్ కట్టక ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. మొదటి నెలలోనే ఇది నాకు కాదు అనిపిస్తే దాచుకోకండి. అప్పుడు మారితే పెద్దగా పోయేదేమీ ఉండదు.

పుస్తకాలు దొరకనివాళ్లు మా ఇంటికి రండి. కెమిస్ట్రీ, ఫిజిక్స్ నా దగ్గరున్నాయి. కామర్స్ పుస్తకం ఎదురింటి అక్కను అడిగి ఉంచాను. సాయంత్రం అయిదు తర్వాత ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు ఒక నోట్‌బుక్, బ్లేడు, పెన్సిల్ తెచ్చుకోండి, మందారాలు మా పెరట్లో బోలెడున్నాయి. మీ అమ్మానాన్నలు మాట్లాడాలంటే ఆదివారం పొద్దున రమ్మనండి.

మీ
అవ్వ