గుడ్ల అట్టలూ, ఉద్దానం ఇసుకా

బరంపురం నుంచి ఒకావిడ అడిగారు: "గోపాల్‌పూర్ బీచ్‌లో కొట్టుకొచ్చిన నాచు తెచ్చి పెరట్లో వంగ మొక్కలకి వేద్దామనుకుంటున్నాను మాస్టారూ, ఉప్పుకి మొక్కలన్నీ చచ్చిపోతాయని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు, ఏం చెయ్యమంటారు?" అత్తగారి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మీ పెరట్లో ఉన్నది ఏ నేల అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు ఎరువు లెక్క చూసేద్దాం, నాకు అంత ఇష్టమైన విషయం కాదు కాబట్టి త్వరగా. సముద్రపు నాచులో నత్రజని కాస్త అటూ ఇటూగా పశువుల గత్తంలో ఉన్నంతే, భాస్వరం తక్కువ, పొటాష్ బాగా ఎక్కువ. బజార్లో అమ్మే నాచు సారం సీసాల మీద "అరవై రకాల ఖనిజాలు" అని రాస్తారు, నిజమే కావచ్చు, సముద్రపు నీటిలో పెరిగిన దేన్ని చూసినా అన్నీ చిటికెడు చిటికెడు దొరుకుతాయి. వంగ మడిలో దిష్టిబొమ్మ పెట్టేవాళ్ళని చూసి నవ్వే చదువుకున్నవాళ్ళే ఆ అరవై అంకె చూసి డబ్బులిచ్చేస్తారు. ఒక సీసాలో 28 శాతం నాచు సారం ఉందనుకోండి, లీటరు నీటికి రెండున్నర మిల్లీలీటర్లు కలిపి కొడితే మొక్కలకి అందేది లీటరుకి 0.7 గ్రాములు. అది మొక్కని కాస్త ఉత్సాహపరిచే మందు, మన ప్రభుత్వం కూడా 2021లో అలాంటి వాటిని ఎరువులతో కలపకుండా బయోస్టిమ్యులెంట్లు అని వేరే వర్గంలో పెట్టింది. నేలకి తిండి పెట్టడం వేరే పని, దానికి సీసా చాలదు, బుట్టలతో నాచు కావాలి.

అసలు విషయం పొటాష్ కాదు, జిగురు. గోధుమరంగు నాచుల్లో, అంటే విశాఖ, భీమిలి రాళ్ళ మీద దొరికే సర్గాసం లాంటి వాటిలో, ఆల్జినేట్ అనే పదార్థం ఉంటుంది, ఎండు బరువులో 20 నుంచి 40 శాతం దాకా. దీన్ని స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు స్కాట్లండ్ తీరపు నాచు నుంచి తీసి 1881లో పేటెంట్ తీసుకున్నాడు. నేల మీది చెట్టు నిటారుగా నిలబడాలి కాబట్టి దానికి గట్టి చెక్క కావాలి. నాచుకి ఆ బాధ లేదు, కెరటం ఎటు లాగితే అటు వంగాలి, తెగకూడదు, ఆటుకి నీరు తగ్గి ఎండలో పడున్నప్పుడు లోపలి తడి పోకూడదు. ఈ పనులన్నీ ఆల్జినేటే చేస్తుంది. బడిలో శైవలాల పాఠం "పత్రహరితం కలిగి, వేరు, కాండం, ఆకు లేని" అంటూ లేనివాటి జాబితాతోనే అయిపోతుంది, పిల్లలు బట్టీ పట్టేస్తారు. ఉన్నదేమిటో ఒక్క పేరా రాస్తే ఎంత బాగుండేదో.

ఆల్జినేట్ అంటే రెండు రకాల చక్కెర ఆమ్లాలు వరసగా గుచ్చిన పొడుగు గొలుసు: మాన్యురోనిక్, గులురోనిక్. గులురోనిక్‌వే వరసగా ఉన్న చోట గొలుసు తిన్నగా ఉండదు, వంకర్లు తిరిగి గుంటలు గుంటలుగా ఉంటుంది. కిరాణా కొట్లో గుడ్లు పెట్టే అట్ట చూశారుగా, అచ్చం అలాగే. అలాంటి రెండు గొలుసులు ఎదురెదురుగా వస్తే గుంటకి గుంట కలిసి, మధ్యలో సరిగ్గా ఒక కాల్షియం అయాన్ పట్టేంత చోటు ఏర్పడుతుంది. కాల్షియానికి రెండు ధనావేశాలు, కింది అట్టని ఒకటి, పై అట్టని ఒకటి పట్టుకుంటుంది. 1973లో ఈ సంగతి ప్రతిపాదించిన శాస్త్రజ్ఞులు కూడా దీనికి గుడ్ల పెట్టె నమూనా అనే పేరే పెట్టారు. సోడియానికి ఒక్క ఆవేశమే కాబట్టి గుంటలో కూర్చున్నా ఒక అట్టనే పట్టుకోగలదు, రెండో అట్ట జారిపోతుంది. అందుకే సోడియం ఆల్జినేట్ నీటిలో కరిగి పాకంలా ఉంటుంది, అదే పాకంలో కాల్షియం కలిపితే గడ్డకట్టి జెల్ అవుతుంది, నీళ్ళని లోపలే పట్టుకుని కదలనివ్వదు. ఇంకో వింత, లీటరు సముద్రపు నీటిలో సోడియం పది గ్రాముల పైనే, కాల్షియం 0.4 గ్రాములు మాత్రమే. గుంపులో అంత తక్కువగా ఉన్నా ఈ గుంటల్లో చోటు ఎక్కువగా కాల్షియానికే దక్కుతుంది, ఎందుకంటే అట్ట దాని కొలతకి తయారైంది.

పళ్ళ డాక్టరు దవడ అచ్చు తీయడానికి నోట్లో పెట్టే చల్లటి ముద్ద కూడా ఇదే. ఆల్జినేట్ పొడిలో కాల్షియం సల్ఫేట్ కలిపి ఉంటుంది, నీళ్ళు పోసి కలిపితే రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. వెంటనే గట్టిపడితే నోట్లో పెట్టే టైం ఉండదు కాబట్టి కాస్త ఫాస్ఫేట్ కూడా వేస్తారు, కాల్షియం ముందు దానితో కలుస్తుంది, అది అయిపోయాకే గుడ్లు అట్టల్లోకి చేరడం మొదలవుతుంది. కాల్షియం సల్ఫేట్ అంటే ఎవరో కాదు, మన వేరుశనగ రైతులు ఊడలు దిగేటప్పుడు బస్తాలతో తెచ్చి వేసే జిప్సమే!

ఇప్పుడు పెరట్లోకి రండి. ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మొదలుకొని గంజాం తీరం దాకా చాలా చోట్ల ఇసుక నేలే, పొద్దున్న పోసిన నీరు మధ్యాహ్నానికి కిందికి దిగిపోతుంది. ఇక్కడ నాచు కుళ్ళి ఆల్జినేట్ బయటికి వస్తే ఇసుక రేణువుల మధ్య ఆ జెల్ అతుక్కుని తడి ఆపుతుంది. దాన్ని తినే బాక్టీరియా తమ జిగురు తాము కలుపుతుంది, బూజు పోగులు అల్లుకుంటాయి, విడివిడి రేణువులు చిన్న చిన్న ముద్దలవుతాయి. కానీ గుంటల్లో కాల్షియం ఉంటేనే ఇదంతా. వానకి కడిగేసిన ఇసుకలో కాల్షియం తక్కువ కాబట్టి నాచుతో పాటు ఒక గుప్పెడు జిప్సం చల్లండి. గుల్లసున్నం కూడా పనికొస్తుంది కానీ ఎక్కువైతే నేల క్షారం అవుతుంది, జిప్సంతో ఆ టెన్షన్ లేదు.

అత్తగారి ఉప్పు సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. బంకమట్టి రేణువుల్ని కలిపి ఉంచేది కూడా కాల్షియమే, సోడియం ఎక్కువైతే అవి విడిపోయి నీరు ఇంకని గట్టి పెచ్చులా తయారవుతాయి. మీది బంకనేల అయితే అత్తగారి మాట వినండి. ఇసుక అయితే ఒక్క వానాకాలం చాలు, ఉప్పు దిగిపోతుంది. తాజా నాచుకి ఉప్పు ఎక్కువగా పైన అంటుకుని ఉంటుంది, లోపలి కణాల్లో పొటాషియమే ఎక్కువ, అందుకే తెచ్చిన రోజే ఒక్కసారి జాడించి వదిలేయాలి. చచ్చి మెత్తబడ్డాక కడిగితే పొటాష్ అంతా నీళ్ళతో పోతుంది. నన్నడిగితే కడిగే శ్రమ కూడా వద్దు, వానాకాలం ముందు కొబ్బరి చెట్టు పాదులో కుప్ప వేయండి. కొబ్బరి ఉప్పుని తట్టుకుంటుంది, దానికి పొటాష్, క్లోరైడ్ రెండూ కావాలి, ఫిలిప్పీన్స్‌లో కొబ్బరికి ఉప్పే ఎరువుగా వేస్తారు. వానకి కారినదంతా కొబ్బరి తాగేస్తుంది, దసరా వెళ్ళాక మిగిలిన నల్లటి మెత్తని పదార్థం వంగకీ, టమాటాకీ. పచ్చి నాచు మడిలో పూడ్చి ఆ వెంటనే విత్తనం వేయకండి, కుళ్ళించే బాక్టీరియా నత్రజనిని ముందు తనే తీసుకుంటుంది.

అయితే గోపాల్‌పూర్‌లో కొట్టుకొచ్చేదంతా నాచు కాదు. నాచుకి వేళ్ళు ఉండవు, పట్టుకోవడానికి రాయి కావాలి, ఇసుక తీరంలో పాత జెట్టీ స్తంభాలూ, గోడ రాళ్ళూ తప్ప దానికి చోటేదీ? ఋషికుల్య వరద తర్వాత ఒడ్డున చూసేది చాలావరకు గుర్రపుడెక్క, సరుగుడు ఆకు. రాళ్ళ మీది పచ్చ నాచు, అంటే ఉల్వా, దొరికినా అందులో ఆల్జినేట్ లేదు, గంధకం ఉన్న వేరే జిగురు ఉంటుంది, గాలి తగలకుండా కుళ్ళితే కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. 2009లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో అలా కుళ్ళిన నాచులో దిగబడి ఒక గుర్రం చచ్చిపోయింది. కాబట్టి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి అటక మీద పెట్టొద్దు. రాళ్ళ మీద బతికున్నది పీకొద్దు. ఋషికుల్య ముఖద్వారం వైపు ఫిబ్రవరి, మార్చిలో తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకని అసలు తవ్వొద్దు.

ఇంకొక్కటి. సర్గాసం జాతి నాచులు ఆర్సెనిక్‌ని పోగుచేసుకుంటాయి. కిడ్నీ జబ్బుతో, అదీ ఇంకా కారణం తేలని జబ్బుతో, ఇన్నేళ్ళుగా నలిగిపోతున్న ఉద్దానంలో ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. ఏటా బుట్టలకి బుట్టలు ఒకే మడిలో గుమ్మరించకండి, తోటకూర, బచ్చలి లాంటి ఆకుకూరల మడికి అసలే వద్దు.