కాన్వీ కోటకు సిమెంట్ ఎందుకు కొట్టరు? అపోహలు - వాస్తవాలు

వేల్స్ తీరంలోని కాన్వీ కోట ఫొటో చూసినవాళ్లు పదేపదే అడిగేది ఒకటే: దర్జుల్లో, అంటే రాళ్ల మధ్య అతుకుల్లో, ఇంకా సున్నమేమిటి, సిమెంట్ కొట్టేస్తే వందేళ్లు ఢోకా ఉండదుగా?

అపోహ: సిమెంట్ గట్టిది, కోటకు మేలు.

వాస్తవం: ఆ గట్టిదనమే చేటు. నది సముద్రంలో కలిసే చోట, రాతి దిబ్బ మీది గోడ ఇది. గాలి తుంపరతో ఉప్పు, వానతో నీరు లోపలికి దిగుతూనే ఉంటాయి. ఆ తడి మళ్లీ బయటపడాలి. సున్నపు దర్జు రాయికంటే మెత్తన. తడి దానిగుండా వెళ్తుంది, ఉప్పు అక్కడే పేరుకుంటుంది, చివరికి దర్జే రాలుతుంది. రాలిన దర్జును మళ్లీ నింపుకోవచ్చు, రాయిని నింపలేం. సిమెంట్ అడ్డుపడితే తడికి రాతి ముఖమే దారి. గాలిలో తేమ 75 శాతానికి అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఉప్పు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. ఆ ఒత్తిడికి రాయి పొరలుగా ఊడిపోయి, సిమెంట్ గీతలు తేనెపట్టు అంచుల్లా పైకి తేలతాయి.

పని పద్ధతి: పాత సిమెంట్‌ను ఉలి, సుత్తితో తీయాలి. గ్రైండర్ పెడితే రాతి అంచులు తెగుతాయి. తీసే లోతు దర్జు వెడల్పుకు రెట్టింపు, కనీసం 25 మి.మీ. పైనుంచి కిందికి దుమ్ము దులిపి, నీరు నిలవకుండా తడపాలి. సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిస్తే గట్టిపడేది) 3.5 రకం ఒక పాలు, కడిగిన గరుకు ఇసుక రెండున్నర పాళ్లు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పును మనమే గోడలో పెట్టినట్టవుతుంది. లోతైన సందుల్లో చిన్న రాళ్లు కూరుతూ పొరలుగా నింపాలి. బొటనవేలితో నొక్కితే దిగనంత గట్టిపడ్డాక గరుకు బ్రష్‌తో కొట్టాలి. వారం రోజులు తడి గోనెపట్టా కప్పాలి. త్వరగా ఆరితే సున్నం పొడి అయిపోతుంది. 5 డిగ్రీల కంటే చలి ఉంటే పని ఆపాలి, మంచు పడితే పెచ్చులూడుతుంది. కరక్కాయ, బెల్లం కలపాలా అంటారా? ముందు పాత సున్నాన్ని పరీక్ష చేయించండి, ఏం కలపాలో అదే చెబుతుంది.

తీరప్రాంతంలో తాతల నాటి సున్నపు ఇంటికి ఇప్పటికే సిమెంట్ కొట్టించినవాళ్లు కంగారుపడొద్దు. తట్టి చూసి, డొల్ల మోగిన చోట మాత్రమే తీయించండి. రాయిని పట్టుకున్నదాన్ని పీకితే రాయే పోతుంది.

అపోహ: కోటను సముద్రం, యుద్ధాలు తినేశాయి.

వాస్తవం: 1283-87 మధ్య ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించిన కోట ఇది, పని నడిపింది ప్రధాన మేస్త్రి మాస్టర్ జేమ్స్. ఇంగ్లండ్ అంతర్యుద్ధం తర్వాత 1655లో కొంత కూలగొట్టించిన మాట నిజమే. కానీ 1665లో యజమానే సీసం, ఇనుము అమ్ముకోవడానికి ఊడదీయించాడు. కప్పు మీది సీసం పోతే గోడ తల మీద వాన నేరుగా దిగుతుంది.

నీరు పట్టని సిలికాన్ పూత కూడా వద్దు, ఉప్పు లోపలే ఇరుక్కుంటుంది. ఐవీ తీగ వేర్లు గోడలోకి దిగితే లాగకండి. మొదలు దగ్గర కోసి, ఎండనిచ్చి, దర్జులు సరిచేస్తూ కొద్దికొద్దిగా తీయండి.