రిటర్న్ టికెట్‌కీ నైట్రోజన్‌కీ లింకేంటి?

చెన్నై సాలిగ్రామంలో మా కింది ఫ్లాట్ కుర్రాడు తన అండమాన్ ప్లాన్ చూపించాడు. శుక్రవారం చెన్నై నుంచి ఫ్లైటు, పోర్ట్ బ్లెయిర్‌లో దిగి ఫెర్రీలో హేవ్‌లాక్ దీవికి. శనివారం రెండు స్కూబా డైవులు (వీపున సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగడం), ఆదివారం తెల్లారగానే ఇంకొకటి, అదే రోజు తిరుగు విమానం. "సోమవారం ఆఫీసుంది అంకుల్, ఒక్క పూట కూడా వేస్ట్ చెయ్యకూడదు" అన్నాడు. ఆదివారం డైవు మానెయ్యమన్నాను. మొహం మాడ్చుకున్నాడు.

పోర్ట్ బ్లెయిర్ ఇప్పుడు శ్రీవిజయపురం, హేవ్‌లాక్ 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అయింది. పేర్లు మారినా ఊరి తీరు నింపాదిగానే ఉంటుంది. తొందరంతా మనం చెన్నై నుంచి మోసుకెళ్ళేదే. అక్కడ నింపాదిగా ఉండమని చెప్పేది ఊరొక్కటే కాదు, మన రక్తం కూడా.

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. ఒంటికి దాంతో పనిలేదు, వచ్చింది వచ్చినట్టే పోతుంది. నీళ్ళలో దిగితే లెక్క మారుతుంది. ఒడ్డున మన మీద ఉండేది ఒక అట్మాస్ఫియర్ పీడనం. 10 మీటర్ల లోతులో అది రెండవుతుంది, 20 మీటర్లలో మూడు. వీపు మీది సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. సరదా డైవుల్లో సాధారణంగా ఉండేది మామూలు గాలే, గట్టిగా కుక్కి నింపినది. నోట్లోని రెగ్యులేటర్ ఆ గాలిని చుట్టూ నీటికి ఎంత పీడనం ఉందో అంతే పీడనంతో అందిస్తుంది. లేకపోతే ఊపిరి లోపలికి లాగడమే మన వల్ల కాదు. పీడనం పెరిగినకొద్దీ వాయువు ద్రవంలో ఎక్కువగా కరుగుతుందని ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లోనే చూపించాడు. డైవర్ ఒంట్లో జరిగేదీ అదే. రక్తంలోకి నైట్రోజన్ త్వరగా చేరుతుంది, కొవ్వులోకి, కీళ్ళ దగ్గరికి మెల్లగా. బయటికి రావడం కూడా అలాగే మెల్లగా.

అంటే తంటా దిగడంలో కంటే పైకి రావడంలో ఎక్కువ. పీడనం ఒక్కసారిగా తగ్గితే, మూత తీసిన సోడాలోలా, కరిగిన వాయువు బుడగలు కడుతుంది. కీళ్ళలో కడితే నొప్పి, వెన్నుపాములో కడితే కాళ్ళు పడిపోవచ్చు. ఎంత మెల్లగా పైకి రావాలో తేల్చమని బ్రిటిష్ నౌకాదళం జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్తని అడిగితే, ఆయన మేకల్ని పీడనపు గదిలో పెట్టి పరీక్షలు చేశాడు. నొప్పి పుడుతోందని మేక నోరు విప్పి చెప్పదు కదా! ముందుకాలు నేలకు ఆనించకుండా ఎత్తి పట్టుకునేది. అదే గుర్తు. ఆ పనిలోంచి పుట్టిన పట్టికలు 1908లో అచ్చయ్యాయి. అంచెలంచెలుగా పైకి రావాలన్న పద్ధతికి పునాది అవే. ఇవాళ డైవర్లు నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకి వస్తూ, 5 మీటర్ల దగ్గర ముందుజాగ్రత్తగా మూడు నిమిషాలు ఆగుతారు. పైన పడవ కనిపిస్తూనే ఉంటుంది, అయినా ఎక్కరు. కొత్తవాళ్ళకి ఆ మూడు నిమిషాలూ మహా బోరు.

పడవెక్కాక కూడా ఒంట్లో నైట్రోజన్ కొంత మిగులుతుంది. ఒడ్డున కూర్చుంటే ఊపిరితో పాటు మెల్లగా పోతుంది, ఇబ్బంది లేదు. కానీ విమానం ఎంత ఎత్తున ఎగిరినా క్యాబిన్‌లో గాలిని సుమారు 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉంచవచ్చు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. అంటే సీట్లో కూర్చున్న మనిషి మీద పీడనం ఒడ్డున ఉన్నదాంట్లో ముప్పావు వంతే. ఒడ్డున బుద్ధిగా కరిగి ఉన్న నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టొచ్చు, అదీ చికిత్స అందని చోట. అందుకే అంచెలంచెలుగా ఆగడం తప్పనిసరి కాని మామూలు డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు, వరస డైవులు చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కమని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సిఫారసు. చాలా డైవ్ కంప్యూటర్లలో, చేతి గడియారంలా కట్టుకునేవాటిలో, చిన్న విమానం బొమ్మ కనిపిస్తుంది. అది పోయేదాకా ఎగరొద్దని అర్థం.

ఈ లెక్క విమానాలకే కాదు. చెన్నైవాళ్ళు వీకెండ్‌లో పుదుచ్చేరి వెళ్ళి డైవ్ చేసి, అటునుంచటే ఏర్కాడు కొండెక్కేద్దాం అనుకుంటారు. ఏర్కాడు 1,500 మీటర్లు. కారుకి రెక్కలు లేకపోవచ్చు గానీ, పీడనం తగ్గడం తగ్గడమే.

తిరకాసంతా తిరుగు ప్రయాణంలోనే. వెళ్ళేటప్పుడు పొద్దున చెన్నైలో ఫ్లైటెక్కి ఆ సాయంత్రమే నీళ్ళలో దిగుతానన్నా నైట్రోజన్ అడ్డు చెప్పదు, విమానంలో ఒంట్లోది కాస్త తగ్గుతుందే తప్ప పెరగదు. అడ్డుపడేది జలుబు. నీళ్ళలో దిగేటప్పుడు ముక్కు మూసుకుని గాలి ఊదితే చెవి లోపలి పీడనం బయటి పీడనంతో సర్దుకోవాలి. ముక్కు దిబ్బడేసి ఉంటే అది జరగదు, కర్ణభేరి చిరిగినా చిరగొచ్చు. ఆ రోజుకి డైవ్ లేదు, బీచ్‌లో కొబ్బరిబొండాం తాగడమే.