పీరియడ్స్ ముందు వేసే ఆకలి: మగవాళ్లను చూసి వేసిన లెక్కలు

రోజూ వాకింగో జిమ్మో చేసే ఆడవాళ్లు చాలామంది చెప్పే మాటే ఇది. మిగతా రోజులు బాగానే గడుస్తాయి, పీరియడ్స్‌కి ముందు వారం మాత్రం ఎంత తిన్నా ఇంకా ఏదో తినాలనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు నోరు కట్టుకోమంటారు, మనమూ అది మన బలహీనతే అనుకుంటాం. కాదు. దానికి ఒంట్లోనే కారణం ఉంది, కానీ ఆ కారణం వెతకడమే ఆలస్యంగా మొదలైంది.

1956లో పోషకాహార శాస్త్రవేత్త జీన్ మేయర్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పశ్చిమ బెంగాల్ జూట్ మిల్లులో పనిచేసే 213 మంది ఏం తింటున్నారు, ఎంత బరువున్నారు, ఎంత శ్రమ చేస్తున్నారు అని చూస్తే, బొత్తిగా కదలకుండా కూర్చునేవాళ్లు కాస్త పనిచేసేవాళ్లకంటే ఎక్కువ తింటున్నారని తేలింది. ఒంటికి పని చెప్తే ఆకలి అదుపులో ఉంటుందనే మాటకి ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. ఆ 213 మందీ మగవాళ్లే.

ఆడ ఎలుకలు ఎదకొచ్చినప్పుడు ఎక్కువ పరుగెడతాయని 1920ల్లోనే తెలుసు, ఆ సమయంలో అవి తక్కువ తింటాయని కూడా తర్వాత తేలింది. ఆడవాళ్ల విషయంలో 1981లో డాల్విట్ చేసిన చిన్న అధ్యయనంలో, అండం విడుదలయ్యాక వచ్చే పది రోజుల్లో రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తింటున్నట్టు కనిపించింది. తర్వాతి అధ్యయనాల్లో తేడా అంతకంటే బాగా తక్కువే వచ్చింది, కొన్నిట్లో అసలు రాలేదు కూడా, కానీ మొత్తం మీద మొగ్గు మాత్రం అటే. అండం విడుదలకి ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి ఆకలిని తగ్గిస్తుంది, ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ పెరిగేసరికి ఆ పట్టు సడలుతుంది, ఒంటి వేడీ కొంచెం పెరుగుతుంది.

వ్యాయామం సంగతి వేరే దారిలో బయటపడింది. పరుగు పందేల అమ్మాయిలకి పీరియడ్స్ ఆగిపోతుంటే, ఒంట్లో కొవ్వు తగ్గడమే కారణమని 1970ల్లో రోజ్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త వాదించారు. తర్వాత ఆన్ లౌక్స్ అనే పరిశోధకురాలు దాన్ని ప్రయోగాలతో పరీక్షించి, అసలు విషయం కొవ్వు కాదు, వ్యాయామానికి పోగా ఒంటికి మిగిలే శక్తి అని చూపించారు. కొవ్వు తీసేసిన శరీర బరువులో కిలోకి రోజుకి 30 క్యాలరీల కంటే తక్కువ మిగిలితే, కొద్ది రోజుల్లోనే పునరుత్పత్తి హార్మోన్ల లయ దెబ్బతింటోంది. (అందరికీ ఒకటే గీత కాదని ఇప్పుడంటున్నారు, నిజమే.)

ఇప్పుడు మన డైట్ చార్టులు చూడండి. 55 కిలోల అమ్మాయికి కొవ్వు పోను దాదాపు 40 కిలోలు ఉంటుందనుకుందాం. చాలా చార్టుల్లో కనిపించే 1200 క్యాలరీలే తిని, అందులో 400 జిమ్‌లో ఖర్చు చేస్తే మిగిలేది 800, అంటే కిలోకి 20. ఆ పిల్లకి ఆకలేస్తోందంటే ముందు పెట్టాల్సింది అన్నం. పీరియడ్స్ తప్పుతుంటే మాత్రం బరువు తగ్గానని సంతోషపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.