పలాసలో జీడిపప్పే ఎందుకు, సాలూరులో లారీలే ఎందుకు

నియోజకవర్గానికొకటి చొప్పున రాష్ట్రంలో 175 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కులు పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రస్తావన వస్తే మాట ముందుగా స్థలం మీదికే పోతుంది. ఎన్ని ఎకరాలు, ఏ రోడ్డు పక్కన, కరెంటు ఎప్పుడిస్తారు అని. స్థలం కావలసిందే. కానీ ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన వ్యాపారాల్లో ఏదీ ప్రభుత్వం చదును చేసిచ్చిన స్థలంలో పుట్టలేదు. అవి ఎక్కడ పుట్టాయో, ఎవరి చేతుల్లో పెరిగాయో ఒకసారి వెనక్కి వెళ్లి చూడాలి.

జీడిపప్పు మిల్లుల ఊరు పలాస–కాశీబుగ్గతో మొదలుపెడదాం. సముద్రం పక్క ఉద్దానం నేల ఇసుక నేల. వరి కంటే కొబ్బరి, పనస, జీడిమామిడి అక్కడ బాగా వస్తాయి. జీడిమామిడి మన చెట్టు కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చింది. తూర్పు తీరంలో ఈ తోటలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. వాటన్నిటి పక్కనా ఒక పలాస లేవలేదు. ఇక్కడ తోటలకు తోడు 1890ల్లో పడిన రైలుమార్గం ఉంది. అటు కలకత్తా, ఇటు మద్రాసు. సరిహద్దు అవతలి ఒడిశా తోటల పిక్కలకు కూడా దగ్గర బజారు ఇదే.

తోటా, రైలూ ఉన్నంత మాత్రాన వ్యాపారం నిలబడదు. జీడిపిక్కల సీజను వేసవి నాలుగు నెలలే. ఏడాది పొడవునా మిల్లు ఆడాలంటే సరుకంతా అప్పుడే కొని ఎండబెట్టి గోదాములో పెట్టుకోవాలి. పప్పుకి గిరాకీ వచ్చేది దసరా, దీపావళికి, పెళ్లిళ్లకి. ఈలోగా పెట్టుబడంతా బస్తాల్లో ఇరుక్కుపోతుంది. కొత్తగా దిగినవాడికి ఆ సరుకు అరువు మీద ఎవరిస్తారు? వాడి తండ్రిని ఎరిగినవాడు, పోయినేడాది బాకీ తీర్చాడని తెలిసినవాడు. బ్యాంకు అడిగే తనఖా లేనివాడికి బజారులో ఉన్న పరపతే తనఖా.

రెండోది కన్ను. 80 కిలోల బస్తా పిక్కలకు ఇరవై కిలోల పైచిలుకు పప్పు దిగుతుంది. ఆ పైచిలుకు ఎంతన్నదాని మీదే లాభనష్టాలు. బస్తాలోంచి గుప్పెడు తీసి, నాలుగు పిక్కలు కోసి, ఎంత దిగుతుందో అంచనా కట్టడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. మేనమామ మిల్లులోనో, గుమస్తాగా చేరిన చోటో పట్టుబడుతుంది. దీనికి తోడు కటింగ్ మిషను బాగుచేసేవాడు, పెంకులు నూనెకు కొనుక్కుపోయేవాడు, డబ్బాలు సప్లై చేసేవాడు, బ్రోకరు, అందరూ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటారు. ఇదే మిల్లుని ఏ అనంతపురంలోనో పెట్టి చూడండి, మిషను చెడిన రోజున తెలుస్తుంది.

ఇంతవరకూ చెప్పింది మిల్లు యజమాని వైపు కథ. పిక్కలు కొట్టి, పొట్టు తీసి, గుళ్లు, బద్దలు, ముక్కలు వేరుచేసేది ఆడవాళ్లు. పెంకులోని జీడి రసం అంటితే చర్మం కాలుతుంది. బూడిదో నూనో రాసుకుని పని చేసిన చేతులవి. గ్రేడింగులో వాళ్ల కన్ను యజమాని కన్నుకు తీసిపోదు. అయినా ఆ బల్ల దగ్గర్నుంచి గల్లా దగ్గరికి వచ్చినవాళ్లు అరుదు. పని తెలిసినంత మాత్రాన అరువు పుట్టదు కదా. ఊరు వ్యాపారం నేర్పుతుందంటాం. అందరికీ ఒకే పాఠం నేర్పదు. ఇప్పుడు కోతకీ పొట్టు తీయడానికీ మిషన్లు వచ్చాయి, మొదట తగ్గేది ఆ చేతుల పనే.

రైతుదీ దాదాపు అదే స్థితి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకి ఉద్దానం తోటలు కూలిపోయాయి. కొత్త మొక్క పూర్తి కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. మిల్లులు అన్నేళ్లు ఆగవు, ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల్లో వస్తాయి. ఆ దిగుమతి ధర చూపించి స్థానిక పిక్కకు ధర కట్టడం రైతుకు మింగుడుపడలేదు. 2023లో బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు ఆందోళనకు దిగారు. తోట వల్ల పుట్టిన పరిశ్రమ తోట లేకపోయినా నడవగల స్థితికి వచ్చిందన్నమాట.

సాలూరుది వేరే దారి. 2022 జిల్లాల విభజనలో పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది గానీ, అంతవరకూ విజయనగరమే. ఒడిశాలోని కొరాపుట్ వైపు ఘాట్ రోడ్డు ఎక్కే ముందు మైదానంలో చివరి పెద్ద ఊరు. విజయనగరం నుంచి రాయపూర్ పోయే పాత 43వ నంబరు జాతీయ రహదారి దీని మీదుగానే వెళ్తుంది. ఘాట్ ఎక్కే బండికి మెకానిక్కు కావాలి, టైరు కావాలి, ఆ మలుపులు తెలిసిన డ్రైవరు కావాలి. క్లీనరుగా ఎక్కినవాడు డ్రైవరై, పాత లారీలో వాటా కొని, ఓనరు కావడం ఇక్కడ వింత కాదు. పలాస కంటే సాలూరు ఈ ఒక్క విషయంలో ఉదారమైన ఊరని నాకనిపిస్తుంది. స్టీరింగు పట్టిన చేతికి ఫైనాన్సు దొరికింది, పిక్కలు కొట్టిన చేతికి దొరకలేదు.

రాజాం గోగునార వ్యాపారం నుంచి ఎదిగింది. జీఎంఆర్ గ్రూపు అధిపతి గ్రంధి మల్లికార్జునరావు ఆ ఊరి వర్తక కుటుంబం నుంచి వచ్చి జనపనార మిల్లుతో పరిశ్రమలోకి దిగారు. తర్వాత హైదరాబాద్, ఢిల్లీ విమానాశ్రయాలు, ఇప్పుడు భోగాపురం. ఆ సంస్థ ఎదిగినంత కాలంలో ఇటు గోగు చేలు తగ్గి మొక్కజొన్న వచ్చింది. కొందరు ఎదిగి వెళ్లిపోతారు, పంట మిగలదు.

నైపుణ్యం ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదని చూడాలంటే పొందూరు వెళ్లాలి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికే పనితనం అక్కడి పట్టుశాలి నేతకులం ఆడవాళ్లది. 1949 నుంచి ఖాదీ సంఘం కూడా ఉంది. గిట్టుబాటు లేక వాళ్ల పిల్లలు రాట్నం దగ్గరికి రావడం లేదు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాలకూ ఈ బెంగ ఉంది.

కాబట్టి పార్కులో షెడ్డు కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఉద్దానం రైతు పిక్కలను గోదాములో పెట్టి, రసీదు చూపించి, సీజనులోనే అప్పు తెచ్చుకోగలగాలి. పప్పు గ్రేడు చేసే ఆడవాళ్లు పదిమంది కలిసి చిన్న యూనిట్ పెట్టుకుంటామంటే, ఇంటి పత్రాలు అడక్కుండా మొదటి ఏడాది సరుకు డబ్బు దొరకాలి. ఈ రెండూ లేకపోతే పలాస పార్కులో ప్లాట్లు దక్కేది ఇప్పటికే మిల్లులున్న కుటుంబాలకే.