ఫోన్ మోగితే చాలు: కిడ్నాప్ థ్రిల్లర్ వెనకాల లెక్క

ఒక రీడర్ ప్రశ్న పంపారు. "కిడ్నాప్ సినిమాలో పిల్లాడు చివరికి దొరుకుతాడని టికెట్ కొన్నప్పుడే తెలుసు కదండీ, అయినా విలన్ దగ్గర్నుంచి ఫోన్ రాగానే నాకు అరచేతులు చెమటలు పడతాయి, ఎందుకు?" అని. నాకు భలే ఇష్టమైన సబ్జెక్ట్ కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి. ఆమిగ్డలా, ఎడ్రినలిన్, గుండె దడ, ఈ గోలంతా మాత్రం చెప్పను, అది యూట్యూబ్‌లో ప్రతివాడూ చెప్తున్నాడు. భయమేస్తే గుండె కొట్టుకుంటుందని మా నాయనమ్మకి కూడా తెలుసు. ఆ సీన్‌లోనే ఎందుకు వేస్తుంది, దాని పక్క సీన్‌లో ఎందుకు వెయ్యదు, అదీ అసలు సంగతి.

ముందు ఒక సినిమా చెప్పుకుందాం, లెక్కకి పనికొస్తుంది. జపాన్ డైరెక్టర్ అకిరా కురొసావా 1963లో తీసిన 'హై అండ్ లో'. గోండో అని బూట్ల కంపెనీలో పెద్ద పోస్టులో ఉన్నాయన, యోకొహామాలో కొండ మీద బంగళా. కంపెనీని తన చేతిలోకి తెచ్చుకోవాలని ఇల్లుతో సహా ఉన్నదంతా తాకట్టు పెట్టి డబ్బు పోగేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్. నీ కొడుకు నా దగ్గరున్నాడు, 3 కోట్ల యెన్‌లు కావాలి. ఇచ్చేస్తానంటాడు, రెండో ఆలోచన లేదు. ఇంతలో వాళ్ళబ్బాయి తాపీగా ఇంట్లోకి నడుచుకుంటూ వస్తాడు! కిడ్నాపర్ ఎత్తుకెళ్ళింది గోండో డ్రైవర్ కొడుకుని, పొరపాటున. మళ్ళీ ఫోన్. పిల్లాడు ఎవడైతేనేం, డబ్బు నువ్వే ఇవ్వాలి. ఇస్తే ఈయన రోడ్డున పడతాడు, ఇవ్వనంటే ఆ డ్రైవర్ అదే గదిలో తల దించుకుని నిలబడి ఉన్నాడు. దాదాపు గంటసేపు సినిమా ఆ హాలు దాటి బయటికి పోదు. ఛేజ్ లేదు, ఫైట్ లేదు, ఉన్నదల్లా కర్టెన్లు, పోలీసులు, ఒక ఫోను. అయినా కదలబుద్ధి కాదు.

ఎందుకో చెప్పే మోడల్ ఒకటుంది, అది కట్టింది సినిమావాళ్ళు కాదు, ఎకనామిక్స్ వాళ్ళు. జెఫ్రీ ఎలీ, అలెగ్జాండర్ ఫ్రాంకెల్, ఎమిర్ కామెనిట్సా అనే ముగ్గురు 2015లో సస్పెన్స్ మీదా సర్‌ప్రైజ్ మీదా రీసెర్చ్ పేపర్ వేశారు. వాళ్ళు చెప్పేది ఇది. సినిమా చూస్తున్నంతసేపూ మన బుర్రలో ఒక నంబర్ తిరుగుతూ ఉంటుంది, పిల్లాడు బతికి బయటపడే అవకాశం ఎంత శాతం అని. ఆ నంబర్ ఇప్పుడే ఎంత కదిలింది అన్నది సర్‌ప్రైజ్. తర్వాతి క్షణంలో ఎంత కదలబోతోంది అన్నది సస్పెన్స్. అంతే. అంటే సర్‌ప్రైజ్ అయిపోయినదాని గురించి, సస్పెన్స్ రాబోయేదాని గురించి. ఏమీ తెలియకపోవడం వల్ల సస్పెన్స్ పుట్టదు, ఇప్పుడు ఏదో తెలియబోతోంది అని తెలియడం వల్ల పుడుతుంది. పిల్లాడు కనపడట్లేదు, ఎక్కడున్నాడో తెలీదు, ఎవరూ ఏమీ చెప్పట్లేదు అంటే అది దిగులు. ఫోన్ మోగిందనుకోండి, అది సస్పెన్స్!

ఇప్పుడు అంకెలు వేద్దాం. పిల్లాడి అవకాశం 50 శాతం దగ్గరుంది. తర్వాతి కాల్‌లో మంచి మాట వస్తే 80కి పోతుంది, చెడ్డ మాట వస్తే 20కి పడుతుంది. అటైనా ఇటైనా 30 కదలాలి, దాని వర్గం, అంటే 30 ఇంటూ 30, 900, దీన్నే వేరియన్స్ అంటారు. ఇంకో సినిమాలో అదే కాల్ వస్తుంది, కానీ ఏం మాట్లాడుకున్నా 52 లేదా 48. వేరియన్స్ 4. మొదటి సీన్‌లో మీరు సీటు అంచుకి వస్తారు, రెండో సీన్‌లో పాప్‌కార్న్ కోసం లేస్తారు, రెండిట్లోనూ నటులు ఒకేలా ఏడుస్తుండొచ్చు, మ్యూజిక్ ఒకేలా వాయిస్తుండొచ్చు. (ఇంటర్‌లో ప్రాబబిలిటీ అంటే సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు. ఆ సంచి గురించి బెంగ పెట్టుకున్న స్టూడెంట్ ఈ భూమ్మీద పుట్టలేదు. ఈ ఫోన్ కాల్‌తో చెప్పి చూడండి లెక్చరర్లూ.)

ఇంకా అందమైన విషయం ఏంటంటే, ఈ వేరియన్స్‌కి ఒక బడ్జెట్ ఉంటుంది. మొదట 50 శాతం అనుకుంటే, కథ ముగిసేలోపు ఆ నంబర్ 100కో 0కో చేరాలి కదా, దారిలో జరిగే కదలికల వర్గాలన్నీ కూడితే సగటున 50 ఇంటూ 50, అంటే 2500 వస్తాయి. ఎన్ని సీన్లుగా కోసినా మొత్తం అంతే, పైసా ఎక్కువ రాదు. మొదలే 90 శాతం అనిపిస్తే 90 ఇంటూ 10, అంటే 900 మాత్రమే చేతిలో ఉన్నట్టు. పెద్ద హీరో సినిమాల్లో ఇంటర్వెల్‌కి ముందే టెన్షన్ చచ్చిపోయేది ఇక్కడే, ఎంట్రీ సాంగ్ అవ్వగానే నంబర్ 99కి వెళ్ళి కూర్చుంటుంది, ఇక డైరెక్టర్ దగ్గర 99 మిగులుతుంది, దాంతో ఏం చేస్తాడు పాపం, సౌండ్ పెంచుతాడు.

సరే 2500 ఉంది. ఎలా ఖర్చు పెట్టాలి? నెల జీతం లాంటిదే ఇది, ఒకటో తారీకునే తగలేస్తే మిగతా నెలంతా అంబలే. మొత్తం ఒకే కాల్‌లో తేల్చేస్తే కదలిక 50, ఒక్కసారి, అయిపోయింది. అదే పది కాల్స్‌గా విడగొట్టి ఒక్కోదానికి 250 ఇచ్చారనుకోండి, 250కి వర్గమూలం సుమారు 15.8, అలాంటివి పది, అంటే 158. డబ్బు అదే, టెన్షన్ మూడింతలు! ఇక ఈ సమాన కిస్తీల పద్ధతిలో నంబర్ ఎలా నడుస్తుందో చూడండి. మొదటి కాల్ తర్వాత 65.8 లేదా 34.2. మంచి వైపు 65.8కి వచ్చామనుకుందాం, రెండో కాల్‌లో 72.4కి వెళ్తుంది, లేదంటే ఢమాల్‌మని 27.6కి పడుతుంది, అలా పడే ఛాన్స్ దాదాపు 15 శాతం. తొమ్మిదో కాల్ దగ్గరికి వచ్చేసరికి 97.4 దగ్గరుంటాం, చివరి కాల్‌లో అంతా తలకిందులయ్యే ఛాన్స్ 2.6 శాతమే, కానీ అయితే మాత్రం 97 నుంచి సున్నాకి. అంటే కథ ముందుకి పోయేకొద్దీ ట్విస్టులు అరుదవ్వాలి, వచ్చినప్పుడు మాత్రం పెద్దగా రావాలి. ఆ పేపర్‌లో లెక్క కట్టి తేల్చింది ఇదే. క్లైమాక్స్‌లో పది నిమిషాల్లో నాలుగు ట్విస్టులు పెట్టి, నువ్వు మంచోడివి కాదు చెడ్డోడివి, కాదు కాదు మంచోడివే అనే డైరెక్టర్లు ఒకసారి ఇది చదవాలి.

ఇప్పుడు కిడ్నాప్ కథే ఎందుకు ఇంత బాగా పని చేస్తుందో చూడండి. హత్య జరిగితే అది అయిపోయిన పని, నంబర్ అప్పటికే సున్నా, మిగిలేది పజిల్. వరదో భూకంపమో అయితే ఎటునుంచి ఏ కబురొస్తుందో తెలీదు, కబుర్లు చిందరవందరగా వస్తాయి. కిడ్నాప్‌లో కబురు ఒకే ఒక్క సన్న గొట్టంలోంచి వస్తుంది, విడతలు విడతలుగా, అదీ టైమ్ చెప్పి మరీ. సాయంత్రం 6 గంటలకి ఫోన్ చేస్తా అంటాడు. ఇక 5:55 నుంచి గదిలో అందరి కళ్ళూ గోడ గడియారం మీదే. స్క్రీన్ మీద ఏమీ జరగట్లేదు, కానీ మన నంబర్ కదలబోయే టైమ్ ఫిక్స్ అయిపోయింది. పైగా పిల్లాడు బతికుంటేనే వాడి చేతిలో బేరం ఉంటుంది, కాబట్టి డబ్బు చేతికొచ్చేదాకా నంబర్ సున్నాకి పడదు, 100కీ చేరదు, మధ్యలో వేలాడుతూ ఉంటుంది. వేరియన్స్‌కి కావాల్సింది సరిగ్గా ఆ మధ్య జాగానే.

మరి డబ్బు ఇచ్చేశాక? అక్కడే పెద్ద చిక్కు. 2005లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న థామస్ షెల్లింగ్ 1960లోనే దీని గురించి రాశాడు. కిడ్నాపర్‌కి వదిలెయ్యాలనే ఉంది, బందీకి బయటపడాలనే ఉంది, ఎవరికీ చెప్పనని బందీ ఒట్టేస్తాడు, కానీ బయటికెళ్ళాక ఆ ఒట్టు నిలబెట్టుకోవాల్సిన అవసరం అతనికి ఏముంది? ఇద్దరికీ కావాల్సింది ఒకటే అయినా ఒప్పందం కుదరదు. షెల్లింగ్ చెప్పిన దారి విచిత్రంగా ఉంటుంది: బందీ తను చేసిన ఏదైనా తప్పుడు పని గురించి కిడ్నాపర్‌కి చెప్పుకోవాలి, అంటే తన జుట్టు వాడి చేతికి ఇవ్వాలి, అప్పుడు మాట నమ్మొచ్చు. డబ్బు చేతులు మారే సీన్ ప్రతి కిడ్నాప్ సినిమాలోనూ శిఖరం అవ్వడానికి కారణం ఇదే, ఆ ఒక్క నిమిషంలో పిల్లాడి విలువ కోట్ల నుంచి సాక్షి అనే బెడదకి మారిపోతుంది.

కురొసావా ఆ సీన్ ఎలా తీశాడంటే, గోండో డబ్బు సంచులతో కొడామా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు. సంచుల మందం 7 సెంటీమీటర్లు మించకూడదని కిడ్నాపర్ ముందే చెప్పాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. రైల్లో పోలీసులు కూడా మామూలు మనుషుల్లా ఎక్కారు, పట్టుకుందాం అని. పరిగెడుతున్న రైలుకే ఫోన్ వస్తుంది. నది దగ్గర పిల్లాణ్ణి చూపిస్తాం, చూశాక బాత్‌రూమ్ కిటికీలోంచి సంచులు విసిరెయ్. ఆ కిటికీ తెరుచుకునేది సరిగ్గా 7 సెంటీమీటర్లు. గంటసేపు కదలని హాల్లో కూర్చోబెట్టి, పిసినారిలా కొంచెం కొంచెం ఖర్చుపెట్టినవాడు ఇక్కడ కొన్ని నిమిషాల్లో మొత్తం కుమ్మరించేస్తాడు. సమాన కిస్తీల లెక్కకి ఇది ఒప్పదు నిజమే, అయినా నాకు మోడల్ కంటే ఈ సీనే ఎక్కువ ఇష్టం. పిల్లాడు సినిమా మధ్యలోనే క్షేమంగా దొరుకుతాడు, బడ్జెట్ ఖాళీ. అక్కణ్ణుంచి, దొంగని పట్టుకుంటారా అని కొత్త ప్రశ్న, కొత్త 2500. ఆ సంచుల్ని కాల్చేసినప్పుడు, పోలీసులు వాటిలో ముందే దాచిన రంగుపొగ మందు వల్ల, నలుపు తెలుపు సినిమాలో చిమ్నీ నుంచి ఒక్క గులాబీ రంగు పొగ లేస్తుంది. అంత పెద్ద కదలికకి ఒక్క డైలాగ్ కూడా అక్కర్లేదు.

మెదడులో ఇది కనపడుతుందా? కనపడుతుంది. యూరీ హాసన్ బృందం న్యూయార్క్‌లో జనాన్ని ఎఫ్ఎంఆర్ఐ మిషన్‌లో (మెదడులో ఏ భాగం ఎప్పుడు పని చేస్తోందో చూపించే స్కానర్) పడుకోబెట్టి రకరకాల వీడియోలు చూపించి, చూసేవాళ్ళ మెదళ్ళు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో 2008లో ప్రకటించింది. పార్క్‌లో కెమెరా ఊరికే పెట్టి తీసిన వీడియోకి కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, 5 శాతం లోపే కలిసింది. హిచ్‌కాక్ 1961లో టీవీకి తీసిన 'బాంగ్! యూ ఆర్ డెడ్'కి ఏకంగా 65 శాతం. అందులో ఒక చిన్న పిల్లాడు నిజం పిస్తోలుని బొమ్మ అనుకుని ఊరంతా తిరుగుతూ కనపడినవాళ్ళ మీద గురిపెడుతుంటాడు, తూటా ఉందని మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ మన నంబర్ ఎటో ఒకవైపు కదలాల్సిందే. ఇదే ఫిల్మ్‌ని కెనడాలో ఏడ్రియన్ ఓవెన్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం వాళ్ళు 16 ఏళ్ళుగా ఏ స్పందనా లేకుండా పడి ఉన్న పేషెంట్‌కి చూపిస్తే, మామూలు మనుషుల మెదడు ఎక్కడెక్కడ బిగుసుకుందో ఆయన మెదడూ అక్కడక్కడే స్పందించింది. 2014 నాటి రిజల్ట్ ఇది. లోపల మనిషి స్పృహలోనే ఉన్నాడని సస్పెన్స్‌తో కనిపెట్టారన్నమాట.

అసలు ప్రశ్న మిగిలింది, ముందే తెలిసినా టెన్షన్ ఎందుకు. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో చేసిన ప్రయోగంలో, తెర మధ్యలో సస్పెన్స్ సీన్, చుట్టూ అంచుల్లో మినుకుమినుకుమనే గళ్ళు పెట్టారు. టెన్షన్ పెరిగినప్పుడల్లా చూపుకి సంబంధించిన మెదడు భాగంలో మధ్యలో ఉన్నదానికి స్పందన పెరిగింది, అంచుల్లో ఉన్నదానికి తగ్గింది. కళ్ళ ముందున్న గళ్ళనే పట్టించుకోని బుర్ర, క్లైమాక్స్‌లో ఏమవుతుందో వెతికి తెచ్చుకునే పని పెట్టుకుంటుందా? ఇది నా ఊహ, ఆ పేపర్‌లో లేదు. రిచర్డ్ గెరిగ్ అనే సైకాలజిస్ట్ మాత్రం తెలిసిన ముగింపు కూడా సస్పెన్స్‌ని చంపదని అంతకు చాలా ముందే చూపించాడు, బతుకులో ఏ సంఘటనా అచ్చం రెండోసారి జరగదు కాబట్టి మెదడు ప్రతిదాన్నీ కొత్తదిగానే చూడటానికి అలవాటు పడిందని ఆయన వాదన.

ఈ నంబర్ సినిమా బయట కూడా మనతో ఆడుకుంటుంది లెండి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు లేచి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ పాపం తెలియని కొత్త మనుషుల్ని పట్టుకుని కొట్టారు. మన పిల్లాణ్ణి నిజంగా ఎవరో ఎత్తుకెళ్ళే అవకాశం సున్నాకి దగ్గర, కానీ ప్రతి ఫార్వర్డూ ఒక ఫోన్ మోత లాంటిదే. చదువుకున్నవాళ్ళే ఎక్కువ ఫార్వర్డ్ చేశారని నా అనుమానం.

చివరగా, ఈ యంత్రాన్ని తిరగేస్తే ఏమవుతుందో మన తెలుగులోనే ఉంది. 1993లో శివనాగేశ్వరరావు తీసిన 'మనీ'లో కుర్రాళ్ళు డబ్బు కోసం ఒకాయన భార్యని ఎత్తుకెళ్తారు, ఆ మొగుడికేమో ఆవిడ తిరిగి రావడమే ఇష్టం లేదు. అంతే, బేరం కూలిపోయింది, ఫోన్ మోగినా ఆవిడకి ఏమవుతుందో అని మనం బెంగపడం, ఫోన్ చేసినవాడి గతి ఏంటా అని నవ్వుతాం. జర్మనీలోని మైన్స్‌లో శాస్త్రవేత్తలు సినిమా హాల్లోంచి బయటికొచ్చే గాలిని ప్రతి 30 సెకన్లకీ కొలిచారు. కండరాలు బిగిస్తే ఊపిరిలో ఐసోప్రీన్ అనే పదార్థం ఎక్కువగా వస్తుంది, ఒకే సినిమా వేర్వేరు షోలలో అవే సీన్ల దగ్గర అది లేచింది. సస్పెన్స్ సీన్లకీ కామెడీ సీన్లకీ గాలిలో వేర్వేరు గుర్తులు కనపడ్డాయట. 'మనీ' ఆడిన హాళ్ళలో ఆ మిషన్ ఒకటి పెట్టి ఉంటే, ఫోన్ మోగిన చోట ఏ గుర్తు వచ్చేదో చూడాలని నాకు భలే కోరిక.